ఒకే క్లబ్బు, రెండు జట్లు: అమ్మాయిలు వరసగా 27, అబ్బాయిలు ఆరేళ్లలో 20

టార్నీట్_రాజు | డిసెంబర్ 1, 2025, రాత్రి 9:12

శనివారం రాత్రి ఐకాన్ పార్కులో ఉన్నాను. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడవాళ్ల లీగు గ్రాండ్ ఫైనల్లో మన నార్త్ మెల్‌బోర్న్ అమ్మాయిలు బ్రిస్బేన్‌ని 56-16తో కొట్టారు. వరసగా 27వ గెలుపు, వరసగా రెండో ప్రీమియర్‌షిప్, అంటే లీగు కప్పు. మా పాప గొంతు పోయేదాకా అరిచి కారెక్కగానే నిద్రపోయింది.

ఇంటికొచ్చి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్తే, దాని మీద మగవాళ్ల జట్టు ఫిక్చర్ (మ్యాచ్‌ల పట్టిక) కనబడింది. గెలిచినప్పుడల్లా పక్కన టిక్కు పెట్టడం నాకలవాటు. 23 మ్యాచ్‌లకి ఐదు టిక్కులు. డ్రా అయినదానికి ఏం పెట్టాలో తెలీక ఒక అడ్డగీత.

2020 నుంచి మన మగవాళ్ల గెలుపులు ఇవీ: 3, 4, 2, 3, 3, 5. మొత్తం 130 మ్యాచ్‌లు ఆడి 20 గెలిచాం.

ఇన్నాళ్లూ ఈ గ్రూపులో అందరం ఒకే మాట అంటున్నాం, "కల్చర్ చెడిపోయింది" అని. రెండు జట్లదీ ఒకే ఆర్డెన్ స్ట్రీట్ మైదానం, ఒకే బోర్డు, ఒకే ప్రెసిడెంటు. మరి ఆ కల్చర్ ఒక జట్టులో చెడిపోయి ఇంకో జట్టులో ఎలా నిలబడింది? నాకు నిజంగానే అర్థం కాక అడుగుతున్నాను.

---

మ్యాగ్‌పై_మూర్తి | రాత్రి 9:20

రాజు గారూ, ఒక్క అంకె చెప్తాను, మిగతాది మీకే గుర్తొస్తుంది. 54.

---

టార్నీట్_రాజు | రాత్రి 9:22

మూర్తి గారూ, కాలింగ్‌వుడ్ జట్టు అభిమానులు ఈ దారం (థ్రెడ్) తెరవకూడదని రూల్ పెట్టాలి.

---

గుడ్డుబంతి | రాత్రి 9:41

నమస్తే అండీ, కొత్త సభ్యుణ్ణి. మెల్‌బోర్న్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఆఫీసులో అందరూ ఏదో ఒక జట్టు ఎంచుకోమంటే పేరు బాగుందని నార్త్ ఎంచుకున్నాను. తప్పు చేశానా? ఇంతకీ ఈ 54 ఏంటి?

---

నీలితెలుపు_నాని | రాత్రి 9:50

తప్పే చేశావు బ్రో. కానీ ఇక మారడానికి లేదు, మా ఇంటి ఆచారం.

54 అంటే 2024 జూన్ 16, మార్వెల్ స్టేడియం. ఒక దశలో కాలింగ్‌వుడ్ మీద 54 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం. గోల్‌కి ఆరు పాయింట్లు కదా, అంటే తొమ్మిది గోల్స్ ముందు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. నేను మూడో లెవెల్లో కూర్చున్నాను. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంటే తీసుకెళ్లాను, పులిహోర డబ్బా కూడా తెచ్చుకుంది. నేను గంతులేస్తుంటే ఆవిడ "ఇంక ఇంటికెళ్దాం రా, మనవాళ్లే గెలుస్తున్నారుగా, ట్రైన్ రష్ ఉంటుంది" అంది. వెళ్లిపోయినా బాగుండేది.

ఆధిక్యం కరుగుతున్నకొద్దీ మా చుట్టూ ఉన్నవాళ్లు అరవలేదు, తిట్టలేదు. ఒక్కొక్కరే మాట్లాడటం మానేశారు. నా ముందు వరసలో ఒక పెద్దాయన రేడియో ఇయర్‌ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఏం జరగబోతోందో అందరికీ ముందే తెలుసు. ఆఖరి క్షణాల్లో మనకి 50 మీటర్ల పెనాల్టీ (బంతిని అంత ముందుకి జరపడం) ఇవ్వలేదని తర్వాత పెద్ద గొడవ చేశాం గానీ, 54 పాయింట్లు పోగొట్టింది అంపైర్ కాదుగా.

కల్చర్ అంటే నాకు అదే. ఓటమి అలవాటైపోవడం.

---

స్టాట్స్_శీను | రాత్రి 10:15

నాని, నువ్వు చెప్పింది లక్షణం. జబ్బు వేరే.

జబ్బు 2016లో మొదలైంది. ఆ ఏడాది వరసగా మొదటి తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచాం. చివరికి ఎనిమిదో స్థానం, ఎలిమినేషన్ ఫైనల్లో అడిలైడ్ చేతిలో 62 పాయింట్ల ఓటమి. ఆ ఆగస్టులోనే బ్రెంట్ హార్వీ, డ్రూ పెట్రీ, నిక్ డాల్ శాంటో, మైకేల్ ఫిరిటో, నలుగురికీ ఒకేసారి ఇక చాలన్నారు. హార్వీ 432 మ్యాచ్‌లు ఆడినవాడు. పాతవాళ్లని పంపడం తప్పనను. వాళ్ల జాగాలో పెద్ద స్టార్లని కొనుక్కొస్తాం అన్నారు. 2017లో డస్టిన్ మార్టిన్‌కి భారీ ఆఫర్ పెట్టారు, ఆయన రిచ్‌మండ్‌లోనే ఉండిపోయాడు. జాష్ కెల్లీ కూడా రానన్నాడు. ఇంటికి పునాది తవ్వి, ఇటుకలు రాకముందే పాత గోడలు కూల్చేసినట్టయింది.

ఆ తర్వాత కోచ్ కుర్చీ చూడండి. 2020లో రీస్ షా. 2021, 2022ల్లో డేవిడ్ నోబుల్, మధ్యలో తీసేశారు. ఆ సీజన్ మిగతాది లీ ఆడమ్స్. 2023లో అలెస్టర్ క్లార్క్‌సన్ వచ్చాడు, మే నెలలో సెలవు పెట్టాల్సి వచ్చింది, ఆగస్టు దాకా బ్రెట్ రాటెన్. నాలుగేళ్లలో ఐదుగురు. 18 ఏళ్లకి డ్రాఫ్టులో (క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి) వచ్చిన పిల్లాడికి 21 వచ్చేసరికి ఐదుగురు ఐదు రకాలుగా డిఫెన్స్ నేర్పారు.

అమ్మాయిల జట్టులో? 2021 నుంచి డారెన్ క్రాకర్ ఒక్కడే.

రాజు గారి ప్రశ్నకి నా జవాబు అదే. కల్చర్ గిల్చర్ తర్వాత సంగతి.

---

గుడ్డుబంతి | రాత్రి 10:32

శీను గారూ, ఓ డౌటు. ఐపీఎల్‌లో మన డెక్కన్ చార్జర్స్ 2008లో ఆఖరి స్థానం, 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు. ఒక్క ఏడాదిలో. ఇక్కడ ఆరేళ్లు ఎందుకు పట్టాలి? పైగా ఆఖర్న వచ్చినవాళ్లకే డ్రాఫ్టులో మొదటి పిక్ ఇస్తారటగా?

---

స్టాట్స్_శీను | రాత్రి 10:51

మంచి పోలికే గానీ కుదరదు. టీ20లో ఇద్దరు తిరిగితే మ్యాచ్ మారిపోతుంది. ఇక్కడ మైదానంలో 18 మంది, బెంచీ వేరే. నువ్వు డ్రాఫ్టులో తెచ్చుకునేది స్కూలు పరీక్షలు అప్పుడే రాసిన కుర్రాణ్ణి. వాడి భుజాలు గట్టిపడి 27 ఏళ్ల మనిషిని ట్యాకిల్‌లో పడేయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా వాడికి గెలవడం ఎలాగో చూపించే పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మన దగ్గర వాళ్లే లేరు. 2024 చివర్లో సిడ్నీ నుంచి ల్యూక్ పార్కర్‌ని, వెస్ట్ కోస్ట్ నుంచి జాక్ డార్లింగ్‌ని, బుల్‌డాగ్స్ నుంచి కేలెబ్ డేనియల్‌ని తెచ్చింది అందుకే. ఆ పని 2017లో చేయాల్సింది.

---

సుబ్బారావు_1994 | రాత్రి 11:30

నేను ఈ ఊరికి వచ్చింది 1994లో. అప్పుడు తెలుగువాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఫ్యాక్టరీలో నా పక్క మెషీన్ ఆయన నార్త్ మనిషి. శుక్రవారం రాత్రి ఆటకి తీసుకెళ్లాడు. వేన్ కేరీ గాల్లోకి లేచి బంతి పట్టుకోవడం చూశాక ఇంక వేరే జట్టు ఆలోచనే రాలేదు. డెనిస్ పేగన్ కోచింగ్‌లో 1996లో గెలిచాం, 1999లో గెలిచాం. అంతకుముందు 1975, 1977. అంతే, మొత్తం నాలుగు. 1925లో లీగులోకి వచ్చిన క్లబ్బు మొదటి కప్పు కోసం 50 ఏళ్లు ఆగింది. ఆరేళ్లకే మీరంతా ఇలా అయిపోతే ఎలా?

మనల్ని షిన్‌బోనర్స్ అంటారు, ఎందుకో తెలుసా? ఆర్డెన్ స్ట్రీట్ చుట్టూ ఒకప్పుడు కబేళాలు, మాంసం కొట్లు ఉండేవి. ఆటగాళ్లు, అభిమానులు చాలామంది ఆ పనివాళ్లే. మ్యాచ్ రోజుల్లో కసాయి కొట్లలో ఎద్దు కాలి ఎముకకి నీలం, తెలుపు రిబ్బన్లు కట్టి కిటికీలో పెట్టేవారని చెప్పుకుంటారు. నిజమో కథో గానీ, డబ్బులేని క్లబ్బు అన్నది మాత్రం నిజం. 2007లో గోల్డ్‌కోస్ట్‌కి తరలిపోతే దాదాపు పది కోట్ల డాలర్లు ఇస్తామని లీగు ఆశపెట్టింది. పోము అన్నాం. ఆ డిసెంబరులో నేనూ మా ఆవిడా ఎంత టెన్షన్ పడ్డామో.

అన్నట్టు క్రాకర్ 1996 కప్పు జట్టులో ఆడినవాడే. 2009లో అప్పటి కోచ్ లెయిడ్లీ మానేస్తే మగవాళ్ల జట్టుకి కొన్నాళ్లు కోచ్‌గా కూడా నిలబడ్డాడు. ఇప్పుడు మీరంతా కొత్తగా కనిపెట్టారు!

---

నీలితెలుపు_నాని | డిసెంబర్ 2, ఉదయం 7:05

సుబ్బారావు గారూ, గౌరవంగానే చెప్తున్నాను, ఎముకలూ రిబ్బన్ల కథ విని విని విసుగొచ్చింది. మనం ఓడిన ప్రతి సోమవారం ఎవరో ఒకరు షిన్‌బోనర్ స్పిరిట్ అంటారు. ఆ స్పిరిట్ 2022లో బ్రిస్బేన్‌లో 108 పాయింట్లతో ఓడినప్పుడు ఎక్కడుంది?

అసలు క్లార్క్‌సన్‌కి ఇంకా ఎన్నాళ్లు ఇవ్వాలి? హాథార్న్‌తో నాలుగు కప్పులు గెలిచాడు, ఒప్పుకుంటా. ఇక్కడ మూడు సీజన్లలో 11 గెలుపులు. వేరే ఏ కోచ్‌కైనా ఈపాటికి బాక్సులు సర్దించేవాళ్లు. 2024 డ్రాఫ్ట్ రాత్రి ఏం చేశారో గుర్తుందా? తర్వాతి ఏడాది మొదటి రౌండు పిక్‌ని రిచ్‌మండ్ చేతిలో పెట్టి మ్యాట్ విట్‌లాక్‌ని తెచ్చుకున్నారు. కుర్రాడు మంచివాడే కావచ్చు. కానీ మళ్లీ అడుగునే ఉంటామని తెలిసీ ఆ పిక్ ఇచ్చేయడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే ఉంది.

---

మ్యాగ్‌పై_మూర్తి | ఉదయం 7:30

పిక్‌ల గురించి మీరే మాట్లాడాలి. 2023లో గెలవకూడని మ్యాచ్ గెలిచిన ఘనులు!

---

సుధ_హోబార్ట్ | ఉదయం 8:48

మూర్తి గారూ, ఆ మ్యాచ్‌లో నేనున్నాను. చెప్తాను వినండి.

కొత్తవాళ్ల కోసం: 2023లో మొదటి రెండూ గెలిచి, తర్వాత వరసగా 20 ఓడిపోయాం. ఆఖరి రౌండు ఇక్కడ టాస్మానియాలో, మా హోబార్ట్‌లో, గోల్డ్‌కోస్ట్‌తో. అది కూడా ఓడితే ఆఖరి స్థానం మనదే, మొదటి పిక్ మనదే, అంటే ఆ ఏడాది డ్రాఫ్టులో అందరి కళ్లూ ఉన్న హార్లీ రీడ్ మనవాడే. టీవీలో, రేడియోలో, ఈ గ్రూపులో కూడా "నిండా మునిగినవాడికి చలేమిటి, ఇదొక్కటీ ఓడిపోండి" అని రాశారు. పేర్లు చెప్పను, పాత పోస్టులు ఇంకా ఉన్నాయి.

డెర్వెంట్ నది గాలి మొహం మీద కొడుతోంది, నేను రెండు స్వెట్టర్ల మీద నీలి కండువా చుట్టుకున్నాను. మనవాళ్లు 35 పాయింట్లతో గెలిచారు. సైరన్ మోగాక నా పక్కన ఒక టాస్మానియా ఆవిడ, పేరు కూడా తెలీదు, నన్ను పట్టుకుని ఏడ్చింది. మైదానంలో పిల్లలు కప్పు గెలిచినట్టు ఒకరి మీద ఒకరు పడ్డారు. అయిదు నెలల తర్వాత గెలుపు అది. అప్పుడు ఎవరికి కావాలి పిక్?

రీడ్ వెస్ట్ కోస్ట్‌కి వెళ్లాడు. 2025లో వెస్ట్ కోస్ట్ గెలిచింది ఒకే ఒక్కటి. మొదటి పిక్ దొరికితే అంతా మారిపోతుందనేవాళ్లు ఆ లెక్క కూడా చూసుకోండి.

నా బాధ వేరే. 2012 నుంచి ఇక్కడ ఆడిన జట్టు ఇక ఆడదు. ఇప్పుడు సొంత మ్యాచ్‌లు కొన్ని పెర్త్‌లో, బన్‌బరీలో. అమ్మాయిల జట్టు 2019లో మొదలైనప్పుడు దాని పేరులోనే టాస్మానియా ఉండేది. 2028లో మాకు సొంత జట్టు వస్తుందంటున్నారు. నేనేం చేయాలో మీరే చెప్పండి.

---

స్టాట్స్_శీను | ఉదయం 9:10

సుధ గారూ, ఆ పాత పోస్టుల్లో ఒకటి నాదే. వెనక్కి తీసుకోను. 22 మ్యాచ్‌ల్లో 20 ఓడిన జట్టు ఇంకోటి ఓడితే కొత్తగా పోయే పరువేం లేదు. కానీ మీ పోస్టు చదివాక రెండోసారి టీ పెట్టుకున్నాను.

---

నీలితెలుపు_నాని | ఉదయం 9:25

మొదటి పిక్ అంటే గుర్తొచ్చింది, 2021లో దొరికిందిగా, జేసన్ హోర్న్-ఫ్రాన్సిస్. ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్ వెళ్లిపోయాడు. ఆ 

---

మోడరేటర్ | ఉదయం 9:40

నాని, చివరి రెండు లైన్లు తీసేశాను. 19 ఏళ్లప్పుడు ఇల్లు గుర్తొచ్చి వెళ్లిపోయిన కుర్రాణ్ణి మూడేళ్ల తర్వాత కూడా ఆ మాటలనడం ఇక్కడ కుదరదు. మనలో ఎంతమందిమి మొదటి ఏడాది ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్లి వెనక్కి వచ్చామో ఎవరికి తెలీదు. ఆ ట్రేడ్‌లో వచ్చిన పిక్‌లతోనే హ్యారీ షీజల్, జార్జ్ వార్డ్‌లా మన దగ్గరికొచ్చారు, అది రాయొచ్చు.

---

నీలితెలుపు_నాని | ఉదయం 9:44

సారీ అన్నా. షీజల్ విషయంలో నోరెత్తను. వచ్చిన మొదటి ఏడాదే క్లబ్బు బెస్ట్ ప్లేయర్ మెడల్ గెలిచాడు.

---

పద్మ_పాయింట్‌కుక్ | మధ్యాహ్నం 12:58

లంచ్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నేను నాలుగేళ్లుగా పన్నెండేళ్ల లోపు ఆడపిల్లల జట్టుకి టీమ్ మేనేజర్ని. ఆరెంజ్ ముక్కలు కోయడం, పిల్లల జడలు వేయడం, గడ్డి మరకలు వదిలించడం నా శాఖ. రాజు గారి ప్రశ్నకి శీను గారు చెప్పింది సగమే అనిపించింది.

అమ్మాయిల జట్టు ఊరికే తయారవలేదు. 2019లో లీగులోకి వచ్చే ముందే క్లబ్బు పని గట్టుకుని మంచి ప్లేయర్లని తెచ్చుకుంది. బుల్‌డాగ్స్‌తో కప్పు గెలిచిన ఎమ్మా కెర్నీ, కాలింగ్‌వుడ్ నుంచి జాస్మిన్ గార్నర్ (మూర్తి గారూ, థాంక్యూ). మగవాళ్ల జట్టు కొనలేకపోయిన గెలుపు అలవాటుని ఆడవాళ్ల జట్టు మొదటి రోజే ఇంటికి తెచ్చుకుంది. తర్వాత ఆ గుంపుని చెదరగొట్టలేదు. 2023 గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ చేతిలో ఓడారు. కోచ్‌ని మార్చలేదు, సగం జట్టుని పంపలేదు. మరుసటి ఏడాది అదే బ్రిస్బేన్‌ని 39-9తో కొట్టారు.

"అమ్మాయిల లీగులో పోటీ తక్కువ" అని ఎవరో ఒకరు రాయబోతున్నారని తెలుసు, అందుకే ముందే చెప్తున్నా. కొత్త జట్లు బలహీనంగా ఉన్నమాట నిజమే. కానీ ఆ బలహీన జట్లతో మిగతా 17 క్లబ్బులూ ఆడాయి. 27 గెలిచింది ఒక్కటే.

ఒక చిన్న సంగతి. మొన్న సీజన్‌లో ట్రైనింగ్ చూడటానికి మా పిల్లల్ని ఆర్డెన్ స్ట్రీట్ తీసుకెళ్లాను. ఒక సెషన్ అయ్యాక గమనించాను, ఒకమ్మాయి హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టే పాస్) తప్పు వేసింది. ఎవరూ అరవలేదు. పక్కనున్న సీనియర్ వెళ్లి బంతి తెచ్చి ఆమె చేతిలోనే పెట్టింది, మళ్లీ వెయ్యమని. ఇంకోసారి తప్పింది. మళ్లీ తెచ్చిచ్చింది. మిగతావాళ్లు బ్యాగులు సర్దుకుంటున్నారు, వీళ్లిద్దరూ ఆ ఒక్క పాసే వేసుకుంటున్నారు, పదిహేను ఇరవై సార్లు వేసుంటారు. ఇంతకు ముందు మా పెద్దదాన్ని వేసిన జూనియర్ క్లబ్బులో (పేరొద్దు) బంతి జారితే కోచ్ బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. అది బంతి రాకూడదని దేవుడికి దండం పెట్టుకునే దశకి వచ్చింది.

మన మగపిల్లలు ఆఖరి క్వార్టర్లో ఆడుతుంటే నాకు మా పెద్దదే గుర్తొస్తుంది. బంతి తమ దగ్గరికి రాకుండా ఉంటే బాగుండు అన్నట్టు నిలబడతారు.

---

సుబ్బారావు_1994 | మధ్యాహ్నం 1:20

అమ్మా పద్మా, 54 పాయింట్ల మ్యాచ్‌లో నేను చూసింది సరిగ్గా అదే. పక్కవాడికి ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు.

---

నీలితెలుపు_నాని | మధ్యాహ్నం 1:31

అక్కా, ఒప్పుకుంటున్నా. కానీ అబ్బాయిల దగ్గర అలా బంతి తెచ్చిచ్చే సీనియర్లు ఏరి? ఉన్నవాళ్లందరూ 22, 23.

---

స్టాట్స్_శీను | మధ్యాహ్నం 1:40

నేను రాత్రి చెప్పింది అదేగా!!

---

పద్మ_పాయింట్‌కుక్ | మధ్యాహ్నం 1:46

మీరు సీనియర్లు లేరన్నారు. నేనంటున్నది, ఉన్నవాళ్ల మధ్య భయం ఉందని. పార్కర్ ఇంకో పదేళ్లు ఆడడు. ఆయన వెళ్లేలోపు ఎవరో ఒకరు నేర్చుకోవాలి. క్లార్క్‌సన్ ఉండాలా పోవాలా అంటే, నా ఓటు ఉండాలనే, ఆయన గొప్పవాడని కాదు. ఆరో మనిషి ఆరో పాఠం చెప్పడం నేను చూడలేను.

---

నీలితెలుపు_నాని | మధ్యాహ్నం 1:52

2027 దాకా కాంట్రాక్ట్. 2026లో పది గెలవకపోతే నేను మళ్లీ ఇదే దారం పైకి లేపుతా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

---

సుధ_హోబార్ట్ | సాయంత్రం 4:15

నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. 2028లో ఎటు?

---

సుబ్బారావు_1994 | సాయంత్రం 4:40

సుధమ్మా, మగవాళ్లకి టాస్మానియా, ఆడవాళ్లకి నార్త్. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు.

---

గుడ్డుబంతి | సాయంత్రం 6:03

ఇదంతా చదివి మెంబర్‌షిప్ పేజీ తెరిచాను. రెండు జట్లదీ కలిపి తీసుకోవచ్చా? ఆర్డెన్ స్ట్రీట్ ఎలా వెళ్లాలి?

---

టార్నీట్_రాజు | సాయంత్రం 6:20

ఆదివారమే మెట్రో టన్నెల్ తెరిచారు తమ్ముడూ, ఇప్పుడు ఆర్డెన్ అని స్టేషనే ఉంది. మేం సన్‌షైన్‌లో దిగి మారతాం. వచ్చే వారం మా పాపతో వెళ్తున్నా, నువ్వూ రా.

---

మ్యాగ్‌పై_మూర్తి | సాయంత్రం 6:34

రాజు గారూ, ఫ్రిజ్ మీద ఆ పాత ఫిక్చర్ తీసేశారా లేదా?

---

టార్నీట్_రాజు | సాయంత్రం 6:51

లేదండీ. పొద్దున లేచి చూస్తే దాని పక్కన అమ్మాయిల ఫిక్చర్ అంటించి ఉంది. ఫైనల్స్‌తో కలిపి 15 మ్యాచ్‌లు, పాప పదిహేనింటికీ టిక్కులు పెట్టేసింది. నా పెన్నులో ఇంకు అయిపోయింది.